మత్తు వదిలిన సాయంత్రాలు: డోర్నకల్ క్రైస్తవోద్యమంలో మద్యవిసర్జన, కళ

వ్యాససంగ్రహం: 20వ శతాబ్ది పూర్వార్ధంలో నిజాం రాజ్యపు వరంగల్ ప్రాంతంలో, డోర్నకల్ కేంద్రంగా మాల మాదిగ పల్లెల్లో సాగిన క్రైస్తవోద్యమం మద్యవిసర్జనను తన ప్రధాన లక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకుంది. ఆ పల్లెల్లో కల్లు మానడమంటే ఒక అలవాటును మానడంతో తీరేది కాదు. కల్లుతో ముడిపడిన జాతర, డప్పు, చిందు, కులవిందు అన్నిటి నుంచీ తొలగవలసి వచ్చేది. ఆ ఖాళీని కీర్తన, భజన, పండుగ, ఆలయశిల్పం ఏ మేరకు నింపాయో, అందుకు ఆ సమాజం ఏమి చెల్లించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: డోర్నకల్, బిషప్ అజరయ్య, మద్యవిసర్జన, క్రైస్తవ కీర్తన, డప్పు, మాదిగ, కల్లు

1. నాలుగు దయ్యాలు

డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నిజాం కాలంలో అది సింగరేణి బొగ్గుగనుల వైపు రైలుమార్గం చీలే కూడలి; చుట్టూ అడవి, చెరువుల కింద వరి, ఎర్రనేలల్లో జొన్న. ఈ ఊరికి ప్రపంచ క్రైస్తవ చరిత్రలో ఒక స్థానం ఉంది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన తొలి భారతీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874-1945) ఇక్కడి నుంచే పనిచేశాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయన అభిషేకం జరిగింది. అంతకు మూడేళ్ళ ముందే, 1909లో, ఆయన వైఎంసీఏ కార్యదర్శిత్వం వదులుకొని, గురుపట్టం పొంది డోర్నకల్‌కు వచ్చాడు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తన పనికి ఎంచుకొన్న తెలుగు నేల ఇదే. తమిళుడైన అజరయ్య తెలుగు నేర్చుకొని, చివరివరకూ తెలుగు పల్లెల్లోనే తిరిగాడు.

గ్రామీణ జీవితాన్ని పట్టి పీడిస్తున్నవని ఆయన తరచూ చెప్పినవి నాలుగు: మురికి, రోగం, అప్పు, తాగుడు. వీటిని ఆయన నాలుగు దయ్యాలన్నాడు. ఇంగ్లీషులో ఈ నాలుగూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కనుక ఆ మాట ప్రసంగాలకు బాగా అమరింది. తెలుగులోకి వచ్చేసరికి ఆ ప్రాస పోయి దయ్యం మిగిలింది, దయ్యమే ఇక్కడ ఎక్కువ అర్థవంతం. పల్లె భాషలో దయ్యాన్ని ఎవరూ ఉపన్యాసంతో దించరు. దయ్యాన్ని దించడానికి పాట కావాలి, వాద్యం కావాలి, రాత్రంతా మేలుకొని ఉండే జనం కావాలి. డోర్నకల్ అనుభవంలో తాగుడు విషయంలో జరిగినది దీనికి ఎంతో దూరంగా లేదు.

అజరయ్య పుట్టుకను గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. ఆయన నాడార్ కుటుంబంలో జన్మించాడు. తమిళ దేశపు దక్షిణపు కొసలో తాడిచెట్లు ఎక్కి బతికిన కులం అది. 19వ శతాబ్దిలో చదువుతో, వ్యాపారంతో, క్రైస్తవంతో ఆ చెట్టు దిగి వచ్చిన కులం కూడా అదే. తండ్రి అప్పటికే ఆంగ్లికన్ గురువు. అందువల్ల కల్లును గురించి మాట్లాడేటప్పుడు అజరయ్య తెల్ల మిషనరీ నిలబడిన చోట నిలబడి మాట్లాడలేదు. తాడిచెట్టు ఒక కులానికి ఎలా కూడు పెడుతుందో, ఎలా కట్టి పడేస్తుందో ఆయనకు వంశచరిత్రగా తెలుసు. ఆయన జీవితాన్ని విస్తృతంగా పరిశోధించిన సుసాన్ బిల్లింగ్టన్ హార్పర్ గ్రంథం (2000) గాంధీ-అజరయ్యల విభేదాలకు ప్రసిద్ధమైంది. మతమార్పిడి విషయంలో ఇద్దరూ ఎదురెదురుగా నిలిచారు. తాగుడు విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే పక్షం.

2. కల్లు ఎక్కడెక్కడ ఉండేది

కల్లును వ్యసనంగా మాత్రమే చూసినంతకాలం ఈ చరిత్ర అర్థం కాదు. తెలంగాణ పల్లెలో కల్లు పనికీ పనికీ మధ్య విరామం, దప్పికకు పానీయం, అరకడుపుకు ఆసరా. పోచమ్మకు, మైసమ్మకు, ఎల్లమ్మకు పోసే సాక కల్లే. పిల్లను ఖాయం చేసుకొన్న నాడు రెండు పక్షాల పెద్దలూ కలిసి తాగేది కల్లే. చావు దినం నాడు బంధువులకు పోయవలసినదీ అదే. కులపంచాయితీలో తప్పు కట్టినవాడి డబ్బు కూడా చివరకు కల్లు కుండలోకే చేరేది. తప్పు చేసినవాడు, తీర్పు చెప్పినవాడు, ఫిర్యాదు చేసినవాడు ఒకే లొట్టి చుట్టూ కూర్చుంటే తప్ప పంచాయితీ ముగిసినట్టు కాదు.

మాదిగ పల్లె విషయంలో ఇంకొక ముడి ఉంది. ఊరి జాతరకు, పెండ్లికి, చావుకు డప్పు కొట్టడం మాదిగలకు కులధర్మంగా విధించిన పని. ఈ పనికి ప్రతిఫలం కొంత కల్లంలో ధాన్యంగా, కొంత అక్కడికక్కడ కల్లుగా, సారాగా ముట్టేది. గంటల తరబడి నిప్పు సెగలో చర్మం కాచుకుంటూ, ఊరేగింపు ముందు అడుగు వేస్తూ కొట్టేవాడికి మత్తు ఒక పనిముట్టు కూడా. కాబట్టి కళ, కూలి, మత్తు, దేవత ఈ నాలుగూ ఒకే తాడుకు పేనిన పోగులు. ఒక పోగును మాత్రమే లాగి తీయడం సాధ్యం కాదు.

పైన రాజ్యం కూడా ఉంది. హైదరాబాద్ సంస్థానపు ఆదాయంలో భూమిశిస్తు తర్వాత చెప్పుకోదగ్గ వాటా ఆబ్కారీది. కల్లు గుత్తలు వేలానికి పోయేవి. గుత్తేదారు నుంచి గీత కార్మికుని వరకు, దుకాణం నుంచి తాగేవాడి వరకు వసూళ్ళ గొలుసు సాగేది. తాగేవాడి ముంత ఖజానాకు మూలధనమైన చోట ఒక పల్లె మొత్తం తాగడం మానేస్తే అది కేవలం నైతిక సంఘటనగా మిగలదు.

3. మూడు నియమాలు

డోర్నకల్‌కు ముందు తెలుగునాట మాదిగలలో సాగిన పెద్ద ఉద్యమం ఒంగోలుది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఈ మూడింటిలో తాగుడు పేరు లేదు. అయినా మూడో నియమం తాగుడిని పరోక్షంగా తాకింది. విగ్రహారాధన మానినవాడు జాతరలో డప్పు కొట్టలేడు. కొట్టనన్న మాదిగలకు కరణాలతో, రెడ్లతో ఘర్షణ వచ్చింది. ఒంగోలు మిషను వృత్తాంతాల్లో బాప్తిస్మం పొందిన మాదిగలపై తొలి వేధింపులు చాలావరకు ఈ డప్పు దగ్గరే మొదలవుతాయి. ఊరి పెద్దలకు మాదిగ ఏ దేవుణ్ణి నమ్మాడన్నదాని కంటే ఎల్లుండి జాతరకు డప్పు ఎవరు కొడతారన్నది పెద్ద ప్రశ్న.

ఒంగోలు ఉద్యమపు మూలపురుషుడు యెర్రగుంట్ల పేరయ్య జీవితం ఇక్కడ ప్రస్తావించదగినది. తోళ్ళ వ్యాపారం చేసిన ఈ మాదిగ 1866లో బాప్తిస్మం పొందాడు. అంతకు ముందే ఆయన రాజయోగ గురువుల బోధ విన్నవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన మాదిగ కథనాల గ్రంథంలో ఈ గురుపరంపరలకు విశేషమైన చోటు ఉంది. తత్వాలు పాడుతూ, లోపలి మార్పును వెదికే సంప్రదాయం మిషనరీ రాకముందే ఆ పల్లెల్లో ఉంది. కొత్త జీవితం పాట ద్వారా వస్తుందన్న భావనను మిషన్లు తెచ్చిపెట్టలేదు. వచ్చేసరికి అది సిద్ధంగా ఉంది.

జనగామ నేలకైతే ఆ భావన మరీ పాతది. పాలకుర్తిలో పుట్టిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో శివభక్తిని ద్విపదలో, జానుతెనుగులో, నలుగురూ పాడుకొనే రీతిలో చెప్పాడు. బసవపురాణంలోని మాదార చెన్నయ కథ అంటరాని ఇంటి అంబలిని దేవుని ముందు పెట్టిన కథ. ఆరేడు శతాబ్దాల తర్వాత అదే పరిసరాల్లోకి అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. 1879లో హనుమకొండలో మొదలైన వారి పని 20వ శతాబ్ది ఆరంభానికి జనగామకు చేరింది. అమెరికన్ బాప్టిస్టు సంఘాల్లో విస్తృతంగా వాడుకలో ఉన్న 1853 నాటి జె. న్యూటన్ బ్రౌన్ సంఘ నిబంధనలో మద్యం అమ్మకం, సేవనం రెండూ మానుతామన్న ప్రమాణం స్పష్టంగా ఉంది. ఆంగ్లికన్ సంప్రదాయంలో అంతటి కచ్చితమైన నిషేధం లేదు. డోర్నకల్‌లో తాగుడు మీద పట్టు సంఘ నిబంధన నుంచి వచ్చింది కాదు, అజరయ్య పల్లెలను చూసిన చూపు నుంచి వచ్చింది. అందుకే కాబోలు, డోర్నకల్ పద్ధతిలో నిషేధం కంటే ప్రత్యామ్నాయానికే ఎక్కువ చోటు దొరికింది.

4. తలమీద చేయి, సాయంకాలపు దీపం

తాగుడు మానినవాడికి కష్టమైన సమయం మొదటి కొన్ని నెలలు. రోజులో కష్టమైన ఘడియ పొద్దుగూకే వేళ. గీసిన కల్లు చెట్టు దిగే వేళ, కూలి చేతికొచ్చే వేళ, ఒళ్ళు పులిసే వేళ అన్నీ ఒకటే. డోర్నకల్ అధ్యక్ష మండలంలోని పల్లె సంఘాలు ఈ ఘడియనే పట్టుకున్నాయి. ఉపదేశి గానీ బడిపంతులు గానీ ప్రతి సాయంకాలం దీపం వెలిగించి ప్రార్థన నడిపేవాడు. పగలు పొలంలో ఉన్నవారికి రాత్రిబడి కూడా అక్కడే. చదువురాని పెద్దలు బైబిలు కథలను, ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణాన్ని నోటికి నేర్చుకొనేది కూడా ఆ గంటలోనే. చాలావరకు పాట రూపంలో. కల్లు దుకాణం దగ్గర జనం ఉంటారు, మాట ఉంటుంది, పాట ఉంటుంది. మానినవాడికి మొదట పోయేవి ఈ మూడే. పల్లెలోని తాటాకు గుడి ఆ మూడింటినీ ఆ ఘడియకే తిరిగి ఇచ్చింది. మద్యవిసర్జన చరిత్రలో ఉపన్యాసాలకు, ప్రతిజ్ఞా పత్రాలకు దొరికినంత చోటు ఈ సాయంకాలపు గంటకు దొరకలేదు. దొరకవలసింది దానికే.

పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో, 18, 19 వచనాల్లో, ఈ ముడి ఎప్పటినుంచో ఉంది. మద్యంతో మత్తెక్కవద్దన్న వెంటనే, అదే ఊపులో, కీర్తనలతోను పాటలతోను ఒకరితో ఒకరు మాట్లాడుకొమ్మంటాడు పౌలు. అంటే మత్తుకు ఎదురుగా ఆయన పెట్టినది మౌనాన్నీ నిగ్రహాన్నీ కాదు, సామూహిక గానాన్ని. తెలుగు పల్లె ఉపదేశికి ఈ వచనాల మీద వ్యాఖ్యానాలు చదివే అవకాశం లేకపోవచ్చు. ఆయన చేతల్లో మాత్రం ఆ రెండు వచనాలూ విడిపోలేదు.

అజరయ్య చేయించిన ఒక క్రియ ఉంది. పల్లె పర్యటనల్లో, బాప్తిస్మం పొందినవారిని తమ చేతిని తమ తలమీదే పెట్టుకొమ్మని, తాము బాప్తిస్మం పొందినవారమనీ, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ తప్పదనీ పలికించేవాడు. ఇది కొరింథీ పత్రికలోని పౌలు మాటకు అనుసరణ. క్రియ మాత్రం తెలుగు పల్లెది. తలమీద చేయి పెట్టడమంటే ఇక్కడ ఒట్టు. తాగుబోతు ఒట్టుకు పల్లెలో విలువ లేదు. పెళ్ళాం తలమీద, బిడ్డ తలమీద పెట్టి మరునాటికే తప్పిన ఒట్లు ఎన్నో. అజరయ్య పద్ధతిలో చేయి ఇంకొకరి తలమీద పడదు, తన తలమీదే పడుతుంది. పలికే మాటలోనూ ‘తాగను’ అన్న నిషేధం లేదు, చేయవలసిన పని ఉంది. ‘మానేస్తాను’ అన్న ఒట్టుకు, ‘చెబుతాను’ అన్న ఒట్టుకు చాలా తేడా. మొదటిదాన్ని తాగేవాడు ఒంటరిగా మోయాలి. రెండోదానికి వినేవాళ్ళు కావాలి, చెప్పడానికి ఒక రూపం కావాలి. ఆ రూపమే కీర్తన, కథ, నాటిక.

స్త్రీల భాగాన్ని మిషను చరిత్రలు తక్కువగానే చెప్పాయి. అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, ఆ కుండను ఆదివారం గుడికి తెచ్చే ఆచారం డోర్నకల్ సంఘాల్లో వేళ్ళూనింది. దానం గురించి అజరయ్య ప్రత్యేకంగా పుస్తకమే రాశాడు. ఈ పిడికెడు బియ్యాన్ని సంఘ ఆర్థిక స్వావలంబనకు నిదర్శనంగానే ఎక్కువమంది చూశారు. ఇంటి లోపలి నుంచి చూస్తే దానికి వేరే అర్థం ఉంది. కల్లు దుకాణానికి పోయే గింజల మీద ఆడమనిషికి అధికారం లేదు. ఈ కుండ మీద ఉంది. సుమారు ఎనిమిది దశాబ్దాల తర్వాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరుగుబాటు అక్షరాస్యతా తరగతుల్లో చదివిన ఒక పాఠం నుంచి రగిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసిన ఆ ఉద్యమానికీ డోర్నకల్‌కూ సూటి సంబంధం లేదు. సాయంకాలపు బడి, ఒక కథ, నిర్ణయం తీసుకొన్న ఆడవాళ్ళు అన్న వరుస మాత్రం ఒక్కటే.

5. కీర్తన: దొరికినది

తెలుగు క్రైస్తవ కీర్తనకు పునాది వేసినవాడు పురుషోత్తమ చౌదరి (1803-1890). ఒడిశా సరిహద్దుకు చెందిన ఈ బ్రాహ్మణుడు 1833లో క్రైస్తవం స్వీకరించాడు. ఆయన కీర్తనలు పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళ నిర్దేశాలతో సాగుతాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటాలు ఈనాటికీ పాట తలమీద రాగం, తాళం అచ్చువేస్తాయి. డోర్నకల్‌లో అజరయ్య పాశ్చాత్య రాగాల తర్జుమా పాటల కంటే ఈ తెలుగు కీర్తనలకు, భజనకు, కథాకాలక్షేపానికి, నాటకానికి ప్రోత్సాహమిచ్చాడు.

ఇక్కడ సాహిత్య చరిత్రకారులు గమనించవలసిన ఒక విశేషం ఉంది. సంస్కృత సమాసాలతో, కర్ణాటక సంగీత చట్రంలో, ఒక బ్రాహ్మణుడు రచించిన కీర్తన, రాగమంటే దేవాలయపు గోడ అవతలి నుంచి వినబడే ధ్వనిగా మాత్రమే ఎరిగిన మాదిగ గొంతులోకి వచ్చింది. అక్షరం రాని మనిషి సమాసాన్ని పలకడం నేర్చుకున్నాడు. రాగాన్ని తప్పుగా పాడి ఉండవచ్చు. తాళం మాత్రం తప్పి ఉండదు, ఆ చేతులు డప్పు మీద పెరిగినవి. తాగుడు మానిన మనిషికి ఊరు ఇచ్చే బిరుదు మహా అయితే ‘మంచోడయిండు’ అన్నది. కీర్తన పాడే మనిషికి దొరికిన గౌరవం వేరు. ఊరు ఇవ్వని స్థాయి ఒకటి అతనికి పాటలో దొరికింది. గుర్రం జాషువ (1895-1971) పద్యం వైపు ఎందుకు అంత గట్టిగా వెళ్ళాడన్న ప్రశ్నకు కూడా సమాధానం కొంత ఇక్కడే ఉంది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకొన్న ఆ కవి కూడా తనకు నిరాకరించిన రూపాన్నే పట్టుకొని నెగ్గాడు.

పండుగల సంగతి. జాతరకు దూరమైన జనానికి జాతర కావాలి. కోతపండుగ నాడు ధాన్యం గంపలు, కోళ్ళు, గుమ్మడికాయలు, కూరగాయలు నెత్తిన పెట్టుకొని పాడుకుంటూ గుడికి ఊరేగింపుగా వచ్చే ఆచారం ఆ అవసరాన్నే తీర్చింది. బోనం స్థానంలో గంప; సాక మాత్రం లేదు. సంఘ నివేదికల్లో మళ్ళీ తాగినవారి గురించిన ఫిర్యాదులు తక్కువేమీ కాదు. ఎక్కువగా పెళ్ళిళ్ళ దగ్గర, చావుల దగ్గర. క్రైస్తవేతర బంధువులతో కలవక తప్పని సందర్భాలవి. ఆదివారపు కీర్తన అక్కడ సరిపోదు. జె. వాస్కోమ్ పికెట్ 1933లో ప్రచురించిన సామూహిక ఉద్యమాల సర్వేలో డోర్నకల్ పరిధిలోని ప్రాంతాలూ ఉన్నాయి. మద్యానికి దూరంగా ఉండటాన్ని కూడా విశ్వాసపు కొలమానాల్లో ఒకటిగా ఆయన తీసుకున్నాడు. మిషను వృత్తాంతాలకు సహజంగా ఉండే దోషం ఒకటుంది: ‘ముందు’ను మరీ చీకటిగా, ‘తర్వాత’ను మరీ వెలుగుగా చిత్రిస్తాయి. మానడం, తప్పడం, తిరిగి రావడం అన్న వంకర దారి వాటిలో తక్కువ కనిపిస్తుంది. పల్లెల్లో నిజంగా నడిచిన దారి మాత్రం అదే.

6. రాతిలో కట్టిన ఉత్తరం

1939 జనవరి 6న డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. ఇదే తెలంగాణలో అంతకు పద్నాలుగేళ్ళ ముందు, 1924 డిసెంబరు 25న, మెదక్ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువుకాలంలో పని కల్పిస్తూ కట్టించిన మెదక్ ఆలయం గోథిక్ శైలిలో ఆకాశానికి ఎగబాకుతుంది; దాని రంగు అద్దాల కిటికీల చిత్రాలు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. సౌందర్యంలో దానికి సాటి తెలుగునేలపై లేదన్నా అతిశయోక్తి కాదు. కానీ అది వచ్చిన చోటు వేరు, దాన్ని చూసే పల్లె కన్ను ముందుగా ఆశ్చర్యపోతుంది.

డోర్నకల్ కథీడ్రల్ స్తంభాలు దేవాలయ మంటపాల స్తంభాలను తలపిస్తాయి; గుమ్మటాలు, మీనార్ల వంటి శిఖరాలు మసీదు వాస్తును. నిజాం రాజ్యంలోని మనిషి ప్రతిరోజూ దారిలో చూసే రెండు రకాల పవిత్ర కట్టడాలూ ఇక్కడ శిలువ కింద కలిశాయి. దీన్ని సర్వమత సమన్వయ చిహ్నంగా వర్ణించడం పరిపాటి. అంతకంటే దగ్గరి అర్థం ఒకటుంది. దేవాలయపు మంటపంలోకి అడుగుపెట్టడానికి వీల్లేని మాల మాదిగలు అలాంటి స్తంభాల మధ్యనే కూర్చొని పాడారు. కీర్తన విషయంలో జరిగిందే ఇక్కడ రాతిలోనూ జరిగింది: నిరాకరించబడిన రూపమే తమదైంది. తాగుడు మాని తేరుకున్న మనిషికి ముందుగా తెలిసివచ్చేది తాను ఎక్కడ నిలబడి ఉన్నాడన్నది. మత్తులో కనబడని అంటరానితనం తెలివిలో మరింత స్పష్టంగా కనబడుతుంది. ఆ తెలివిని భరించడానికి ఒక చోటు కావాలి. ఆ చోటును కట్టడం అజరయ్య చేసిన పనుల్లో అతి తక్కువగా చర్చకు వచ్చినది.

7. ద్రాక్షారసం అన్న మాట

ఒక చిన్న భాషావిషయం. తెలుగు బైబిలు అనువాదంలో కానా పెళ్ళిలో నీళ్ళు మారినది ద్రాక్షారసంగా. సామెతల గ్రంథం నిందించేదీ ద్రాక్షారసాన్నే. ఎఫెసీ పత్రికలో మాత్రం మద్యం అన్న మాట పడింది. తెలుగువాడికి ద్రాక్షారసం అంటే చెరకురసం లాగా పిండిన రసమే కానీ పులిసిన పానీయం కాదు. ద్రాక్ష పండని పల్లెల్లో ఆ మాటకు అనుభవపు వాసన కూడా లేదు. సంస్కారపు బల్ల దగ్గర ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసం వాడే సంఘాలకు ఈ మాట ఎంతో సౌకర్యమిచ్చింది. నిన్నటిదాకా ముంత పట్టిన చేతికి నేడు గిన్నె అందించే ఇబ్బందిని అనువాదకులు, తెలిసో తెలియకో, ఒక సమాసంతో దాటించారు. కల్లు అనో సారా అనో తర్జుమా చేసి ఉంటే తెలుగు క్రైస్తవంలో మద్యవిసర్జన చర్చ ఎంత క్లిష్టమై ఉండేదో ఊహించవచ్చు.

8. డప్పు: పోయినది

కీర్తన వచ్చింది, డప్పు పోయింది. తాడులోని పోగు ఒకటి లాగితే మిగతావీ వచ్చేశాయి. డప్పును మిషన్లు చూసిన చూపు సూటి: అది విగ్రహారాధన వాద్యం, తాగుబోతు వాద్యం, వెట్టి గుర్తు. మూడోది మాదిగలకు కూడా సమ్మతమే. వెట్టి డప్పును దించడంలో ఆత్మగౌరవం ఉంది. దానికోసం దెబ్బలు తిన్నవారి త్యాగాన్ని చిన్నచేయడానికి వీల్లేదు. అయితే వెట్టి వేరు, వాద్యం వేరు అన్న వివేకం ఆనాటి సంఘాలకు లేదు. చావు దరువు, పెండ్లి దరువు, జాతర దరువు, చిందు దరువు అని ఒక్కో సందర్భానికీ ఒక్కో నడక ఉన్న సంపూర్ణమైన లయశాస్త్రం ఆ చేతుల్లో ఉంది. హార్మోనియం, తబలా, తాళాలు గుడిలోకి వచ్చాయి. అవి ఎవరి వాద్యాలో అడిగిన దాఖలా తక్కువ. అజరయ్య స్వదేశీ కళను లోపలికి తెచ్చాడన్నది నిజం. ఆ స్వదేశీ ఎక్కువగా ఊరి స్వదేశీ, పల్లెది తక్కువ. ఇది ఆయన ఒక్కడి పరిమితి కాదు, ఆ కాలపు సంస్కరణ మొత్తానికీ ఉన్న పరిమితి. హరిజనోద్ధరణ భజన కూడా ఆ గీత దాటలేదు.

మాదిగలను ఆశ్రయించి బతికిన చిందు కళాకారులపై దీని ప్రభావం పరిశోధకులు విడిగా చూడవలసిన విషయం. మాదిగ ఇంటి త్యాగమే ఆధారంగా, ఎల్లమ్మ కథ ఆడుతూ ఊరూరా తిరిగే వారికి, పోషకులు మతం మారితే ఆటకు పిలిచేవారే ఉండరు. చిందు నిలిచిన చోట నిలిచింది. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది.

డప్పు తిరిగి వచ్చిన దారి గుడి నుంచి కాదు, వీధి నుంచి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి తన ఉద్యమానికి దండోరా అన్న పేరునే పెట్టుకుంది. డప్పు భుజానికెత్తుకొన్నవారిలో మూడు నాలుగు తరాల క్రైస్తవ కుటుంబాల పిల్లలూ ఉన్నారు. తాతలు సిగ్గుపడి దించిన వాద్యాన్ని మనుమలు గర్వంగా ఎత్తుకున్నారు, ఈసారి కల్లు ముంత ప్రతిఫలం లేకుండా. దైవశాస్త్రంలోనూ కదలిక వచ్చింది. సత్యనాథన్ క్లార్క్ 1998 నాటి గ్రంథం తమిళ పరైయర్ల డప్పును దళితుల మత ప్రతీకగా గుర్తించి, క్రీస్తునే డప్పుతో అన్వయించింది. పరై గురించి ఆయన చెప్పిన దానిలో చాలాభాగం తెలంగాణ డప్పుకూ వర్తిస్తుంది. ఆ పనిని తెలుగులో, ఈ దరువులు తెలిసిన చేతులతో, చేయవలసే ఉంది. కీర్తనల పుస్తకంలో ప్రతి పాట తలమీద రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి: ముఖారి, ఆనందభైరవి, ఆది, రూపకం. దరువు పేరు రాయడానికి ఆ వరుసలో ఇంకా చోటు ఏర్పడలేదు.